కొవ్వు కరిగించే పని బరువులది కాదు

పోటీ నెలన్నరలో ఉందనగానే మన జిమ్ముల్లో ఒక తంతు మొదలవుతుంది. అప్పటిదాకా వంద కిలోలతో స్క్వాట్ చేసినవాణ్ని నలభైకి దించి, సెట్‌కు ముప్పై రెప్స్ చేయిస్తారు. పొద్దున పరగడుపున గంట, సాయంత్రం ఇంకో గంట ట్రెడ్‌మిల్. అన్నం బంద్. పచ్చసొన తీసేసిన గుడ్లు, ఉప్పు లేని ఉడికించిన చికెన్, కీరదోస ముక్కలు. ఆఖరి వారం ఉప్పు మాయమవుతుంది, ఆఖరి రెండు రోజులు నీళ్లు కూడా. దీనికి కటింగ్ అని పేరు. దీని వెనక ఉన్న నమ్మకం చాలా సూటిగా ఉంటుంది: పెద్ద బరువులు కండను పెంచుతాయి, చిన్న బరువులు కండను చెక్కుతాయి, కడుపు ఎంత మాడిస్తే గీతలు అంత స్పష్టంగా తేలతాయి. జిల్లా పోటీకి తయారయ్యే కుర్రాడి దగ్గర్నుంచి, పెళ్లి ఫొటోల నాటికి సిక్స్ ప్యాక్ కావాలనుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి దాకా అందరికీ ఇదే మందు. ఇది తప్పుడు మందు. కొవ్వు తగ్గించడం, కండ నిలబెట్టుకోవడం అనేవి రెండు వేర్వేరు పనులు. మొదటిది తిండిలోని లోటు చేస్తుంది, రెండోది బరువులు చేస్తాయి. ఈ నమ్మకం రెంటినీ కలగాపులగం చేసి, బరువులకు కొవ్వు కరిగించే పని అప్పగిస్తుంది. అప్పుడు కండను కాపాడే పని ఎవరికీ లేకుండా పోతుంది.

కొవ్వు ఎలా పోతుందన్న దగ్గర మొదలుపెడదాం. తినేదానికన్నా ఖర్చు ఎక్కువైతే ఆ తేడాను శరీరం నిల్వల్లోంచి పూడ్చుకుంటుంది. కొవ్వు కణాల్లో దాచినది ఫ్యాటీ ఆమ్లాలుగా విడిపోయి రక్తంలో కలుస్తుంది, ఒళ్లంతా తిరుగుతుంది, ఎక్కడ అవసరముంటే అక్కడ ఖర్చవుతుంది. ముందు పొట్ట మీద తగ్గాలా, తొడల మీద తగ్గాలా అన్నది హార్మోన్లు, వంశపారంపర్యం, ఆడా మగా తేడా నిర్ణయిస్తాయి. కింద ఉన్న కండ ఎన్నిసార్లు ముడుచుకుందన్నదానికీ దానికీ సంబంధం లేదు. 1971లో టెన్నిస్ ఆటగాళ్ల రెండు చేతులూ కొలిచి చూసిన పరిశోధన ఒకటుంది. రాకెట్ పట్టే చేయి రెండోదానికన్నా లావుగా, కండపట్టి ఉంది. చర్మం కింద కొవ్వు మందం మాత్రం రెండు చేతులకూ ఒకేలా ఉంది. ఏళ్ల తరబడి వేల సార్లు ఊపిన చేతికే దక్కని 'చెక్కుడు' నెలన్నరలో ముప్పై రెప్స్‌తో ఎలా దక్కుతుంది? కండ మీద గీతలు కనిపించడమంటే పైనున్న కొవ్వు పొర పలచబడటమే. కండకు స్వయంగా ఉండే గుణాలు పెరగడం, తరగడం మాత్రమే. 'టోన్' అనే మూడో గుణమేదీ లేదు. పోనీ, ఎక్కువ రెప్స్ చేస్తే కేలరీలైనా బాగా ఖర్చవుతాయా అంటే, గంటసేపు వెయిట్లు ఎత్తితే అయ్యే ఖర్చు మొత్తంగా రెండు మూడు వందల కేలరీల దరిదాపుల్లో ఉంటుంది. బరువు తగ్గించి రెప్స్ పెంచినందువల్ల అందులో వచ్చే తేడా, మధ్యాహ్నం పళ్లెంలో ఒక గరిటె అన్నం తగ్గిస్తే వచ్చేపాటిది. ఆ గరిటెడు కోసం కండకున్న ప్రధాన రక్షణను వదులుకోమంటున్నారు.

రక్షణ అని ఎందుకంటున్నానంటే, కండ శరీరానికి ఖరీదైన సరుకు. దానికి ప్రొటీన్ కావాలి, రోజూ శక్తి కావాలి. తిండి సమృద్ధిగా ఉన్నప్పుడు ఆ ఖర్చును శరీరం పట్టించుకోదు. లోటు మొదలవగానే లెక్కలు చూసుకుంటుంది. వాడని మోటారుకు ఎవరూ కరెంటు బిల్లు కట్టరు. వంద కిలోలు ఎత్తాల్సిన అవసరం వారానికి రెండుసార్లు ఎదురవుతుంటే ఆ కండ అవసరమన్న సంకేతం అందుతూనే ఉంటుంది. నలభై కిలోలకు దిగగానే, నలభైకి సరిపడా కండ చాలన్న సంకేతం అందుతుంది. కండ పెరగడానికి మూలం దాని మీద పడే బలమైన ఒత్తిడి. నిలవడానికీ అదే మూలం. తేడా మోతాదులోనే. 2011లో బికెల్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, నాలుగు నెలలు కండ పెంచుకున్న యువకులు ఆ తర్వాత 32 వారాల పాటు తమ కసరత్తులో తొమ్మిదో వంతు మాత్రమే చేసినా పెరిగిన కండను నిలుపుకోగలిగారు. అక్కడ తగ్గించింది సెట్ల సంఖ్యను, వారంలో రోజులను. బార్ మీది బరువును కాదు. వాళ్లు డైటింగ్‌లో లేరన్నది నిజమే, కాబట్టి పోటీకి తయారయ్యేవాళ్లకు తొమ్మిదో వంతు చాలని ఎవరూ అనరు. కానీ ఏది తగ్గించినా నష్టం లేదో, ఏది తగ్గించకూడదో ఆ అధ్యయనం స్పష్టంగా చెబుతోంది. అలసట పెరిగి, కోలుకునే శక్తి తగ్గే కటింగ్ రోజుల్లో సెట్లు కొన్ని కోసేయవచ్చు. మన జిమ్ముల్లో జరిగేది సరిగ్గా తలకిందులు: బరువు కోసేస్తారు, సెట్లు, రెప్స్, ట్రెడ్‌మిల్ గంటలు పెంచేస్తారు.

డైటింగ్‌లో ఏం జరుగుతుందో చూపించే పాత అధ్యయనం 1999 నాటిది, బ్రైనర్ బృందానిది. రోజుకు 800 కేలరీల ద్రవాహారం మీద 12 వారాలు ఉంచి, ఒక గుంపుతో నడక, సైకిల్, మెట్లు ఎక్కడం లాంటి కార్డియో చేయించారు; రెండో గుంపుతో బరువులు ఎత్తించారు. కార్డియో గుంపు బరువు ఎక్కువ తగ్గింది. ట్రెడ్‌మిల్ భక్తులు ఇక్కడే చప్పట్లు కొడతారు. అయితే వాళ్ల శరీరంలో కొవ్వు కాని భాగం సగటున 51 కిలోల నుంచి 47కు పడిపోయింది. బరువులు ఎత్తిన గుంపులో అది తగ్గలేదు. అంత దారుణమైన తిండిలోటులో కూడా బరువుల సంకేతం కండను పట్టి ఉంచింది. వాళ్లు బాడీబిల్డర్లు కారు, స్థూలకాయులు. కాబట్టి ఆ అంకెలను యథాతథంగా స్టేజీ మీదికి తేలేం. కానీ కార్డియో గుంపు తూకం ఎక్కువ తగ్గడానికి కారణమేమిటో గమనించండి. తగ్గిన దాంట్లో కండ కూడా ఉంది. తూకం యంత్రానికి కొవ్వేదో కండేదో తెలియదు.

దీనికి జిమ్ము అనుభవజ్ఞులు చెప్పే బలమైన ఆక్షేపణ ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. ఇటీవలి పరిశోధనల ప్రకారం తక్కువ బరువుతో ముప్పై రెప్స్ చేసినా కండ పెరుగుతుంది కదా, మరి తేలిక బరువుల్ని ఎందుకు తప్పుపట్టడం అంటారు. నిజమే, పెరుగుతుంది. కానీ ఒక షరతుంది: ఆ సెట్‌ను ఇక ఒక్క రెప్ కూడా లేవదన్న దగ్గరిదాకా తీసుకుపోవాలి. అక్కడికొచ్చేసరికి తేలిక బరువు కూడా కండ మీద పెద్ద బరువంత భారం వేస్తుంది. కటింగ్ పేరిట చేయించే సెట్లు అలా ఉండవు. చెమట పట్టాలి, గుండె దడదడలాడాలి, ఒక వ్యాయామం నుంచి ఇంకోదానికి ఆగకుండా పరుగెత్తాలి. ఊపిరి ముందు అయిపోతుంది, కండకు అసలు పరీక్షే రాదు. పైగా ముప్పై రెప్స్ సెట్‌ను చివరిదాకా లాగడానికి కండలోని గ్లైకోజెన్ అనే పిండిపదార్థపు నిల్వ చాలా కావాలి. అన్నం మానేసి ఆ నిల్వ ఖాళీ చేసి, అదే నిల్వ మీద ఎక్కువగా ఆధారపడే కసరత్తు చేయమనడం ఏం తర్కమో అర్థం కాదు. మోకాలు, భుజం నొప్పుల వల్ల పెద్ద బరువులు కుదరనివాళ్లు పన్నెండు, పదిహేను రెప్స్‌కు మారితే అది న్యాయమైన కారణం. కొవ్వు కరుగుతుందని మారితే కాదు. ఆరు నుంచి పన్నెండు రెప్స్ మధ్య కండ పెంచుకున్నవాడికి, తన కండ తగ్గుతోందా లేదా అని తెలుసుకోవడానికి అదే బరువు, అవే రెప్స్‌కు మించిన చవకైన కొలమానం లేదు. పద్ధతే మార్చేస్తే ఆ కొలమానాన్నీ పారేసుకున్నట్టే.

ఇక వేగం సంగతి. ఇక్కడ లెక్క కట్టి చూపించాల్సిందే. ఒక మనిషి 80 కిలోలు, కొవ్వు 15 శాతం అనుకుందాం. కొవ్వు 12 కిలోలు, మిగతాది 68 కిలోలు. కండ గ్రాము కూడా పోకుండా 6 శాతానికి రావాలంటే 72 కిలోల పైచిలుకు దగ్గర ఆగాలి, అంటే ఏడున్నర కిలోలకు పైగా కొవ్వు పోవాలి. కిలో కొవ్వు కణజాలంలో సుమారు 7,700 కేలరీలుంటాయి కాబట్టి మొత్తం లోటు 59 వేల కేలరీల దాకా తేలుతుంది. 14 వారాల్లో చేస్తే రోజుకు ఆరు వందల లోటు. ఆరు వారాల్లో చేస్తే 1,400. రోజుకు 2,700 కేలరీలతో బరువు నిలకడగా ఉండే మనిషి మొదటి పద్ధతిలో 2,100 తింటాడు. రెండో పద్ధతిలో 1,300 తిని, కండ నిలబెట్టే బరువులు ఎత్తాలి. ఎత్తలేడు. పైగా ఇక్కడొక మాయ ఉంది. కండలో నాలుగింట మూడు వంతులు నీరే కాబట్టి కిలో కండలోంచి వచ్చే శక్తి 1,800 కేలరీలకు మించదు. ఆ 1,400 లోటు మొత్తం కొవ్వు నుంచే పూడితే రోజుకు 180 గ్రాములు తగ్గుతారు. అందులో సగం కండలోంచి పూడిందనుకోండి, తగ్గేది 480 గ్రాములు. అంటే కండ ఎంత ఎక్కువ పోతుంటే తూకం అంత వేగంగా పడుతుంది. 'అన్నా, వారంలో మూడు కిలోలు దిగాను' అని కుర్రాడు మురిసిపోతుంటే కోచ్ భుజం తడతాడు. తొలి వారంలో అందులో చాలా భాగం గ్లైకోజెన్, దాంతోపాటు పోయిన నీరు. తర్వాతి వారాల్లోనూ అదే వేగం సాగితే, భుజం తట్టడం మాని భయపడాల్సిన సమయం అది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2011లో నార్వేలో గార్తె బృందం 24 మంది క్రీడాకారులను రెండు గుంపులు చేసింది. ఒక గుంపు వారానికి శరీర బరువులో 0.7 శాతం చొప్పున, రెండోది 1.4 శాతం చొప్పున తగ్గాలి. రెండు గుంపులూ వారానికి నాలుగుసార్లు బరువులు ఎత్తాయి. చివరికి రెండు గుంపులూ తగ్గింది ఒకే బరువు, సుమారు ఐదున్నర శాతం. కానీ నిదానంగా తగ్గినవాళ్లకు కొవ్వు 31 శాతం తగ్గి, కొవ్వు కాని భాగం 2.1 శాతం పెరిగింది. వేగంగా తగ్గినవాళ్లకు కొవ్వు 21 శాతమే తగ్గింది, కండ వైపు లాభమేమీ లేదు. తూకం ఒకటే, అద్దంలో మనిషి వేరు. బాడీబిల్డింగ్ పోటీలో న్యాయనిర్ణేతలు చూసేది తూకాన్ని కాదు, అద్దంలో కనిపించేదాన్ని. అమెరికన్ వైద్యుడు గిల్బర్ట్ ఫోర్బ్స్ దశాబ్దాల కొలతల నుంచి తేల్చిన ఇంకో విషయం ఈ వేగం మతానికి గొడ్డలిపెట్టు: ఒంట్లో కొవ్వు ఎంత తక్కువుంటే, తగ్గే బరువులో కండ వాటా అంత ఎక్కువ. అంటే స్థూలకాయుడికి కొంతవరకు చెల్లే దూకుడు, పోటీకి దగ్గరపడి సన్నబడినవాడికి చెల్లదు. లోటు రోజులు గడిచేకొద్దీ చిన్నదవ్వాలి. మన దగ్గర ఆఖరి పదిహేను రోజుల్లోనే దాన్ని రెట్టింపు చేస్తారు.

ఇక్కడ నా వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యం ఒకటుంది, దాచను. 2016లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 40 మంది యువకులకు అవసరానికంటే 40 శాతం తక్కువ కేలరీలు ఇచ్చి, నాలుగు వారాలు కఠినంగా కసరత్తు చేయించారు. అంత లోటులోనూ ఒక గుంపు 4.8 కిలోల కొవ్వు పోగొట్టుకుని 1.2 కిలోల కండ పెంచుకుంది. చూశారా, వేగంగా తగ్గినా నష్టం లేదని దీన్ని పట్టుకొచ్చేవాళ్లున్నారు. ఆ యువకులు బొద్దుగా ఉన్నవాళ్లు, అంత గట్టి కసరత్తుకు కొత్తవాళ్లు, పరీక్ష నడిచింది నాలుగు వారాలే. ఏళ్ల తరబడి కండ పెంచి, 8 శాతం కొవ్వుకు దిగినవాడి స్థితి అది కాదు. అంతకన్నా ముఖ్యం, అదే అధ్యయనంలో రెండో గుంపు కూడా అంతే లోటులో అదే కసరత్తు చేసింది. వాళ్ల కండ పెరగలేదు, కొవ్వు కూడా మూడున్నర కిలోలే తగ్గింది. రెండు గుంపులకూ తేడా ప్రొటీన్ ఒక్కటే. మొదటి గుంపు కిలో శరీర బరువుకు 2.4 గ్రాములు తింది, రెండోది 1.2. ఈ అధ్యయనం తొందరపాటును సమర్థించడం లేదు, ప్రొటీన్ విలువ చెబుతోంది. 2010లో మెట్లర్ బృందం కసరత్తులో ఆరితేరినవాళ్ల మీదే పరీక్షించి ఇలాంటిదే చూపింది: రెండు వారాల కోతలో కిలోకు 1 గ్రాము తిన్నవాళ్లు 1.6 కిలోల కండ కోల్పోతే, 2.3 గ్రాములు తిన్నవాళ్లు 0.3 కిలోలు మాత్రమే కోల్పోయారు. ఇలాంటి ఆధారాలన్నీ చేర్చి హెల్మ్స్, అరగాన్, ఫిట్షెన్ 2014లో స్టెరాయిడ్ల లాంటి మందులు వాడని పోటీదారులకు రాసిన సిఫారసులు ఇవే: వారానికి 0.5 నుంచి 1 శాతం బరువు తగ్గాలి, కొవ్వు కాని శరీర భాగం కిలోకు 2.3 నుంచి 3.1 గ్రాముల ప్రొటీన్ తినాలి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది వేరు కదా అని అడగొచ్చు. అడగాలి కూడా. ఆ సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలోకు 0.83 గ్రాములు చాలు. 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, కండ కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దని కూడా హెచ్చరించింది. ఆ అంకె సరిపడా తిని, మామూలుగా బతికే ఆరోగ్యవంతుడిది. ఆకలితో ఉండి వంద కిలోలు ఎత్తేవాడి గురించి ఆ అంకెను వేయలేదు. 80 కిలోల మనిషికి అది 66 గ్రాములు. పోటీకి దిగే అదే మనిషికి 150 నుంచి 210 కావాలి. కల్తీ డబ్బాలు, మోసపు లేబుళ్లు నిండిన మన మార్కెట్లో పొడుల మీద ఆ సంస్థ అనుమానం నాకు సబబుగానే అనిపిస్తుంది. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు ఈ మోతాదుల జోలికి పోకూడదు, మొదలుపెట్టే ముందు అందరూ పరీక్ష చేయించుకోవాలి. ఆరోగ్యవంతుల విషయానికొస్తే, ఏడాదిపాటు ఈ స్థాయిలో ప్రొటీన్ తిన్న 14 మంది కసరత్తుదారుల రక్తపరీక్షల్లో మూత్రపిండాలకు, కాలేయానికి హాని కనిపించలేదు. చిన్న అధ్యయనమే అయినా భయాలకు ఆధారం అంతకన్నా తక్కువ. ఈ ప్రొటీన్‌కు పప్పు ఒక్కటే చాలదన్నది మాత్రం శాకాహారులు ఒప్పుకోవాల్సిన లెక్క. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 22 గ్రాముల ప్రొటీన్‌తోపాటు 340 దాకా కేలరీలు వస్తాయి; 150 గ్రాములు అందులోంచే తెచ్చుకుంటే రోజు కోటా అంతా పప్పుకే పోతుంది. మీగడ తీసిన పాలు, పెరుగు, సోయా ముక్కలు చేరాలి. మాంసాహారులకు కోడి, చేప ఉండనే ఉన్నాయి. గుడ్డులో పచ్చసొన పారేయడం మాత్రం వృథా ఖర్చు: ఆరు గ్రాముల ప్రొటీన్‌లో రెండున్నర గ్రాముల పైన అందులోనే ఉంది, హార్మోన్లకు కావాల్సిన కొవ్వూ అందులోనే ఉంది. కేలరీల కోటా కోసం కొన్ని తగ్గించుకోవచ్చు, అన్నీ చెత్తబుట్టలో వేయనక్కర్లేదు.

అన్నం మీద పగ గురించి కొంచెం. వంద గ్రాముల బియ్యంలో 350 కేలరీల దాకా ఉంటాయి, వంద గ్రాముల గోధుమ పిండిలో అంతకు కాస్త తక్కువ. అన్నం మాని నాలుగు చపాతీలు తినేవాడికి దక్కేది ఊరట, లోటు కాదు. కార్బోహైడ్రేట్లు తగ్గించక తప్పదు, లోటు ఎక్కడో ఒకచోట రావాలి కాబట్టి. కానీ ప్రొటీన్, కనీస కొవ్వు పక్కన పెట్టాక మిగిలిన కేలరీలన్నీ అన్నానికో చిలగడదుంపకో ఇవ్వడమే తెలివి, ఎందుకంటే పెద్ద సెట్ లేపేది అదే. కసరత్తుకు ముందు, తర్వాత తింటే ఇంకా మంచిది. మన పళ్లేల్లో అసలు దొంగ అన్నం కాదు, కొలత లేకుండా పోసే నూనె. రెండు టేబుల్ స్పూన్ల నూనె అంటే 240 కేలరీల పైమాటే.

ఇంత చెప్పాక కూడా వచ్చే చివరి ఆయుధం: 'ఛాంపియన్లంతా ఇలాగే చేశారు, గెలిచారు.' దీనికి జవాబు 1996లో ఒక వైద్య పత్రికలో ఉంది. భాసిన్ బృందం 43 మంది పురుషులను తీసుకుని, పది వారాల పాటు కొందరికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్, కొందరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చింది. మందు లేకుండా కసరత్తు చేసినవాళ్లకు పెరిగిన కండ సుమారు 1.9 కిలోలు. మందు తీసుకుని ఏ కసరత్తూ చేయనివాళ్లకు 3.2 కిలోలు. రెండూ ఉన్నవాళ్లకు 6.1. కదలకుండా కూర్చున్నవాడికే అంత కండ పెంచిన పదార్థం, తిండి మాడ్చినా, బరువులు తగ్గించినా కండను పట్టి ఉంచడంలో వింతేముంది? స్టెరాయిడ్లు వాడే ఛాంపియన్ కటింగ్ ఎంత తప్పుగా చేసినా ఆ తప్పుకు శిక్ష పడదు. ఆయన పద్ధతిని మందుల్లేని కుర్రాడు అనుకరిస్తే శిక్ష అంతా వీడికే పడుతుంది. కండ కరిగిపోతుంటే తన పద్ధతిని అనుమానించాల్సిన ఆ కుర్రాడు తన ఒంటిని అనుమానిస్తాడు, అప్పుడు సూదులు అమ్మేవాడు దగ్గరికొస్తాడు. జిమ్ములకు చేరవేస్తున్న మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లను హైదరాబాద్‌లో అధికారులు పట్టుకున్న వార్తలు మనం చదివాం. ఆపరేషన్ సమయంలో పడిపోయిన రక్తపోటు పెంచడానికి వాడే మందు అది. కసరత్తుకు దాంతో పనేమిటి? తప్పుడు కటింగ్ వల్ల ఒంట్లో ఓపిక చచ్చిపోతే, ఆ లోటును దానితో పూడుస్తున్నారు. ఈ చర్చ స్టేజీ మీద అందానికి మించినది కావడానికి ఇదొక కారణం.

రెండో కారణం నీళ్లు. చర్మం కింద నీరు తీసేస్తే గీతలు పదునెక్కుతాయన్న ఆశతో ఆఖరి రోజుల్లో నీళ్లు, ఉప్పు ఆపేస్తారు, కొందరు మూత్రం తెప్పించే మాత్రలు మింగుతారు. శరీరం చర్మం కింది నీటిని మాత్రమే ఎంచుకుని బయటికి పంపదు. రక్తంలోంచీ తీస్తుంది, కండలోంచీ తీస్తుంది. కండ నిండుగా కనిపించేది నీటి వల్లే: ప్రతి గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. ఆఖరి రోజు అన్నం, చిలగడదుంప పెట్టి కండ నింపాలనుకుంటూనే నీళ్లు ఆపడం ఒక చేత్తో పోసి రెండో చేత్తో తీసేయడం. ఉప్పూ అంతే. పేగుల్లోంచి గ్లూకోజ్ లోపలికి పోవడానికి సోడియం కావాలి. సోడియం ఒక్కసారిగా ఆపేస్తే ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ పెరిగి, ఉన్న ఉప్పును, నీటిని మూత్రపిండాలు గట్టిగా పట్టుకుంటాయి. స్టేజీ మీద చదునుగా, వాడిపోయి కనిపించినవాళ్లలో చాలామందికి కొవ్వు సమస్య ఉండదు, వాళ్లు ఎండిపోయి ఉంటారు. ఇది అందం పోవడంతో ఆగదు. పొటాషియం, సోడియం పాళ్లు తప్పితే గుండె లయ తప్పుతుంది. 1992లో బాడీబిల్డర్ మొహమ్మద్ బెనజీజా నెదర్లాండ్స్‌లో పోటీ ముగిసిన కొద్ది గంటలకే గుండె ఆగి చనిపోయాడు. 1996లో ఆస్ట్రియా బాడీబిల్డర్ ఆండ్రియాస్ మ్యూంజర్ అవయవాలు ఒక్కొక్కటే దెబ్బతిని 31 ఏళ్లకే పోయాడు. ఆయన వాడినవాటిలో మూత్రం తెప్పించే మాత్రలూ ఉన్నాయి. ప్రపంచ స్థాయి పోటీదారుల గతి అదైతే, వైద్యుడే లేని జిల్లా పోటీ వేదిక వెనక నాలుక పిడచకట్టి నిల్చున్న కుర్రాడి గతి ఊహించుకోవచ్చు.

నేను సమర్థిస్తున్న నిదాన పద్ధతి సుఖంగా ఉంటుందని, నష్టం సున్నా అని చెప్పను. 2013లో రోసో బృందం ప్రచురించిన వివరాల్లో, మందులు వాడని ఒక బాడీబిల్డర్ ఆరు నెలల పాటు నిదానంగా తయారై కొవ్వును 14.8 శాతం నుంచి 4.5కు తెచ్చాడు. ఆ క్రమంలో టెస్టోస్టెరాన్ నాలుగో వంతుకు పడిపోయింది, విశ్రాంతిలో గుండె కొట్టుకోవడం నిమిషానికి 53 నుంచి 27కు తగ్గింది, బలమూ తగ్గింది. హార్మోన్లు తిరిగి దారికి రావడానికి నెలలు పట్టింది. స్త్రీలలో ఇదే దశలో నెలసరి ఆగిపోవచ్చు. ఐదు శాతం కొవ్వు మనిషి ఉండాల్సిన చోటు కాదు, వెళ్లి రావాల్సిన చోటు. కార్డియో పూర్తిగా మానమనీ చెప్పను. లోటులో కొంత భాగం నడక నుంచి వస్తే తిండి మరీ కోయనక్కర్లేదు, కాళ్లు కూడా స్క్వాట్‌కు మిగులుతాయి. అభ్యంతరం రోజుకు రెండు గంటల ట్రెడ్‌మిల్ మీద. తిండిలో చేయాల్సిన కోత తిండిలోనే చేస్తే, దాని అవసరం చాలావరకు తీరిపోతుంది. 1944, 1945 సంవత్సరాల్లో మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకుల మీద చేసిన ఆకలి పరీక్ష గుర్తుంచుకోవాలి. 24 వారాలు అర్ధాకలితో, వారానికి 35 కిలోమీటర్లు నడిచి, వాళ్లు బరువులో నాలుగో వంతు కోల్పోయారు, కండతో సహా. తిరిగి తిన్నప్పుడు ముందు వచ్చి చేరింది కొవ్వే. తక్కువ తిండి, ఎక్కువ నడక, బరువుల్లేవు: మన కటింగ్ చార్టుకూ దానికీ పోలిక ఎక్కువే.

నిదానంగా చేస్తే పోటీ తేదీ దాటిపోతుంది కదా అనేవాళ్లకు: పోటీ తేదీ నెలల ముందే తెలుస్తుంది. తెలియకపోతే, తేదీ ప్రకటించాక పరుగెత్తాల్సిన అవసరం రానంత కొవ్వుతో ఏడాదంతా ఉండాలి. 'బల్కింగ్' పేరిట 25 శాతానికి ఎక్కి, ఆరు వారాల్లో దిగాలనుకోవడం ఎవరి తప్పో కోచ్‌లే చెప్పాలి. ఈసారి పోటీకి దిగబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఒక పక్క వారం సగటు ఒంటి బరువు, నడుము చుట్టుకొలత. రెండో పక్క స్క్వాట్, బెంచ్ ప్రెస్, రోయింగ్‌లో ఎత్తిన బరువు, చేసిన రెప్స్. మొదటివి తగ్గుతూ రెండోవి నిలబడితే మీరు సరైన దారిలో ఉన్నారు. రెండూ కలిసి పడుతుంటే తిండి కొంచెం పెంచండి, ట్రెడ్‌మిల్ తగ్గించండి. ఎవరైనా తేలిక బరువులకు మారమంటే, మారాక ఒంటి మీది కండ దేని బలంతో నిలుస్తుందో అడగండి. జవాబు రాకపోతే బార్ మీంచి ప్లేట్లు తీయనివ్వకండి.